ముందుండి లాగే తోక

బ్రెజిల్‌లో ఎవరైనా నీది ఏ ఊరంటే నెల్లూరు జిల్లా అని చెప్పడం తేలిక. ఇక్కడ మాంసానికి పెంచే పశువుల్లో సింహభాగం నెలోరే జాతివి, మన ఒంగోలు గిత్తల సంతతే. 19వ శతాబ్దంలో అవి ఓడలెక్కేనాటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోది మరి. మా కందుకూరు వైపు దుక్కి దున్నిన జాతి ఇక్కడ నిప్పుల మీద కాల్చే చురాస్కో అవుతుంటే మొదట్లో మనసొప్పలేదు. ఇప్పుడు అలవాటైంది, తినను గానీ.

పశువుల రక్తం పరీక్షించే లేబ్‌లో నా ఉద్యోగం. పంతనాల్ చిత్తడి నేలల్లో గుర్రాల నడుం పడేసే జబ్బుకీ, మన గేదెలకొచ్చే సర్రాకీ కారణం ఒకటే: ట్రిపనోసోమా ఇవాన్సీ అనే, రక్తంలో బతికే ఒంటికణం పురుగు. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ దాన్ని గుర్తించింది కూడా అవిభక్త భారతంలోనే, డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో.

పచ్చి రక్తపు చుక్కలో ముందు ఈ పురుగు కనిపించదు. ఒక మూల ఎర్ర కణాలు గిలగిలా కదులుతాయి, అక్కడ వెతకాలి. ఆ కుదుపంతా కశాభం, అంటే కొరడాలాంటి దాని తోక పని. లోపల చుట్టూ 9 జంట నాళికలు, నడుమ 2. మన వీర్యకణం తోకలోనూ ఇదే అమరిక. డైనీన్ అనే ప్రొటీన్ కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెట్టి ఒక జంటను పక్కదాని మీద జరుపుతుంది, ఆ జారుడే వంపవుతుంది. నాళికల పక్కనే ఈ జీవికి పారాఫ్లాజెల్లార్ రాడ్ అనే కడ్డీ అదనం. మనకు లేనిది కాబట్టి మందు వెతికేవాళ్ల కన్ను దానిమీద పడింది.

కశాభం ఒంటి వెనక కొసనుండే సంచిలోంచి బయటికొచ్చి ఒంటికి అతుక్కునే ముందుకు సాగుతుంది. అలలు కొస నుంచి మొదలుకి నడుస్తాయి. అందుకే అది నెట్టదు, బండికి కట్టిన గిత్తల్లా ముందుండి లాగుతుంది. దగ్గరి బంధువైన ఆఫ్రికా నిద్రజబ్బు ట్రిపనోసోమాలో ఇంకో తమాషా ఉంది. ఒంటికంటిన యాంటీబాడీలు ఈత వేగానికి వెనక్కి కొట్టుకుపోయి ఆ సంచిలో పడతాయి, కణం వాటిని మింగేస్తుంది. ఈదడమే దానికి కాపలా. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

పొద్దున 8.30కి నాయన ఫోన్, ఊళ్లో అప్పుడు సాయంత్రం 5. "ఇంకా ఆ పురుగులే చూస్తుండావా?" అంటాడు. మొన్న మాత్రం గేదెకి జ్వరం వచ్చిపోతోందనీ, మేస్తున్నా చిక్కిపోతోందనీ చెప్పాడు.

"జ్వరం ఉన్నప్పుడే పశువుల డాక్టరుకి రక్తం చూపించు నాయనా, తగ్గాక చుక్కలో దొరకడం కష్టం" అన్నాను. పురుగు జోరీగ కడుపులో పెరగదు, మూతికంటిన తడి రక్తంతోనే పక్క గొడ్డుకి పాకుతుంది. అందుకని ఆ గేదెని మిగతా గొడ్లకి దూరంగా కట్టమన్నాను.

"చెరువు పక్కన కొట్టం పెట్టుకుని జోరీగలకి దూరమేందిరా!" అని నవ్వాడు. కట్టాడు మాత్రం.