పులిహోర డబ్బాతో అట్లాంటిక్ దాటి

2023 మార్చిలో నేను లండన్ గాట్విక్ నుంచి న్యూయార్క్ వెళ్ళిన టికెట్‌లో ఒక సీటు, ఆ సీటు కింద పట్టే ఒక బ్యాగు తప్ప ఇంకేమీ లేవు. భోజనం, దుప్పటి, కిటికీ పక్క సీటు, పెద్ద పెట్టె అన్నీ విడిగా కొనుక్కోవాల్సిందే. అయినా మిగతా కంపెనీలు అడిగినదాంట్లో ఇది దాదాపు సగం. న్యూయార్క్ పక్కనే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న అక్కకి పాప పుట్టింది. కాన్పుకి అమ్మ ముందే వెళ్ళి అక్కడే ఉంది. బారసాలకి నేను కూడా వెళ్ళగలిగానంటే ఆ చవక టికెట్ వల్లే.

అమ్మ మాత్రం ఫోన్‌లో ఒకటే టెన్షన్. "అంత తక్కువకి తీసుకెళ్తున్నారంటే ఆ విమానం ఎలాంటిదో ఏంటో!" విమానం బోయింగ్ 787, పెద్ద కంపెనీలు నడిపేదే. భద్రతా నియమాలు కూడా అందరికీ ఒకటే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బ్రిటన్ నుంచి బయల్దేరే విమానం కంపెనీ తప్పు వల్ల నాలుగు గంటలకు మించి ఆలస్యంగా చేరితే, ఇంత దూరపు ప్రయాణానికి 520 పౌండ్ల పరిహారం ఇవ్వాలి. టికెట్ ఎంత చవకైనా ఆ హక్కు పోదు.

సర్దుకోవడమే అసలు పని. ఆవకాయ తెమ్మని అక్క అడిగింది కానీ, సెక్యూరిటీ దగ్గర పచ్చడిని కూడా ద్రవం కిందే లెక్కేస్తారు. అప్పట్లో చేతి బ్యాగులో 100 మిల్లీలీటర్లు దాటితే తీసేసేవారు. అందుకని కందిపొడి, కరివేపాకు పొడి పెట్టుకున్నాను. అమెరికా వెళ్ళే విమానాల్లో పొడులకీ ఒక నియమం ఉంది. 350 మిల్లీలీటర్ల డబ్బా కంటే ఎక్కువుంటే విడిగా తనిఖీ చేస్తారు. చిన్న చిన్న ప్యాకెట్లు కట్టి, పైన పేర్లు రాసి పెట్టాను. దారిలో తినడానికి డబ్బా నిండా పులిహోర, తాగడానికి ఖాళీ సీసా. సెక్యూరిటీ దాటాక కుళాయి దగ్గర సీసా నింపుకోవచ్చు.

గాట్విక్‌కి ఈ చవక ప్రయాణాలు కొత్త కాదు. 1977 సెప్టెంబర్ 26న ఫ్రెడ్డీ లేకర్ అనే ఆయన ఇక్కడి నుంచే న్యూయార్క్‌కి 'స్కైట్రెయిన్' మొదలుపెట్టాడు. ఒకవైపు టికెట్ 59 పౌండ్లు, భోజనం విడిగా. సామాన్యులు కూడా సముద్రం దాటాలన్నది ఆయన పట్టుదల. 1982 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దివాలా తీసింది. ఇలాగే చవకగా అట్లాంటిక్ దాటించిన ఐస్‌లాండ్ కంపెనీ వావ్ ఎయిర్ 2019 మార్చిలో హఠాత్తుగా మూతపడింది. అలాంటిదే నార్వే కంపెనీ నార్వేజియన్ 2021లో దూర ప్రయాణాలు మానేసింది. దగ్గరి ఊళ్ళకి తిరిగే విమానం రోజుకి నాలుగైదు ట్రిప్పులు వేసి సంపాదిస్తుంది. అట్లాంటిక్ దాటే విమానానికి ఒక్కసారి వెళ్ళి రావడానికే దాదాపు రోజంతా పడుతుంది, పైగా ఇంధనం ఖర్చు. అందుకే ఇది కష్టమైన వ్యాపారం. కంపెనీ మూతపడితే డబ్బు పోకూడదని నేను టికెట్‌ని క్రెడిట్ కార్డుతోనే కొన్నాను. బ్రిటన్‌లో 100 పౌండ్లు దాటిన కొనుగోలుకి కార్డు కంపెనీకి కూడా బాధ్యత ఉంటుంది. కొనేది చవక టికెట్ అయితే ఈ జాగ్రత్త తప్పనిసరి అనే నా ఉద్దేశం.

కోవెంట్రీ నుంచి బస్సులో గాట్విక్ చేరడానికే సగం అలసిపోయాను. విమానంలో నాకు వచ్చింది మూడు సీట్ల మధ్యది. ఒకపక్క న్యూయార్క్‌లో చదువుకుంటున్న మనవరాలిని చూడ్డానికి వెళ్తున్న స్కాట్లాండ్ పెద్దావిడ, ఇంకోపక్క పాస్తా డబ్బా తెచ్చుకున్న కుర్రాడు. నేను పులిహోర మూత తీయగానే ఇంగువ, ఆవాల వాసన గుప్పుమంది. పెద్దావిడ రెండు చెంచాలు రుచి చూసి, పసుపు గురించి చాలాసేపు అడిగింది. ఆవిడ కూడా నాలాగే లెక్కలు వేసుకుని ఈ టికెట్ కొన్నారట.

వెళ్ళేటప్పుడు దాదాపు ఎనిమిది గంటలు. పడమటి నుంచి వీచే గాలి ఎదురొస్తుంది కాబట్టి తిరుగు ప్రయాణం కంటే గంటకు పైగా ఎక్కువ. ఆ గాలిని బట్టే సముద్రం మీద విమానాల దారులు రోజూ మారుతుంటాయి. పగలంతా సూర్యుడు మాతోనే ఉన్నాడు. 787లో కిటికీలకి రెక్కలుండవు, బటన్ నొక్కితే అద్దమే నీలంగా ముదురుతుంది. కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌ల్యాండ్ దగ్గరపడ్డాక పెద్దావిడ అద్దాన్ని తేటగా చేసి, "చూడమ్మా" అన్నట్టు వెనక్కి వాలింది. కింద సముద్రమంతా పగిలిన మంచు పలకలు, వాటి మధ్య నల్లటి నీళ్ళు. దానికి మాత్రం ఎవరూ విడిగా డబ్బులు అడగలేదు.

న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ క్యూ చాలా పెద్దది. తినే వస్తువులున్నాయని ముందే చెప్పాను, పప్పుల పొడి అనగానే పంపించేశారు. పెట్టె కోసం ఆగే పని లేదు కాబట్టి నేరుగా విమానాశ్రయం రైలు ఎయిర్‌ట్రెయిన్ ఎక్కి జమైకా స్టేషన్, అక్కణ్ణుంచి పెన్ స్టేషన్, మళ్ళీ ఎడిసన్ రైలు. స్టేషన్‌కి బావగారు వచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక పెద్ద పెట్టెకి డబ్బులు కట్టాను. అమ్మ పెట్టిన బారసాల చీర, అక్క కొనిచ్చిన కోటు, పక్కింటి వాళ్ళు లండన్‌లో ఉన్న కొడుక్కి పంపిన స్వీట్లు సీటు కింద బ్యాగులో పట్టే సామాను కాదు. ఆ పెట్టె ఖర్చు కలుపుకున్నా టికెట్ చవకే.