పుత్తూరులో బాడుగకు ఇల్లు వెతికేవాళ్ళకు

చెన్నైలో, బెంగళూరులో ఉద్యోగాలు చేసే నా ఈడు వాళ్ళు ఈమధ్య తరచుగా ఒకే మాట అడుగుతున్నారు. పొలాలు కనిపించే చిన్న ఊరు కావాలి, కానీ పొద్దు గూకితే టీవీ తప్ప దిక్కులేని ఊరు వద్దు, అట్లాంటిది మన పాత చిత్తూరు జిల్లాలో ఎక్కడుంది అని. నేను పుత్తూరులో మిద్దె మీద గది బాడుగకు తీసుకుని, చెన్నై కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తున్నాను. నా జవాబు పుత్తూరే.

చాలామంది మదనపల్లె పొమ్మంటారు. కాదనను. చల్లటి గాలి, దగ్గర్లో హార్సిలీ కొండలు, 1919లో ఠాగూర్ వచ్చి ఉండి జనగణమనను ఇంగ్లీషులో రాసిన థియోసాఫికల్ కాలేజీ. కలంకారీ నేర్చుకోవాలనుకుంటే శ్రీకాళహస్తికే పోవాలి. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద, బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము ఊరబెట్టి తీసిన నలుపుతో వెదురు కలం పట్టి గీసే పని అది, కూర్చుని నేర్చుకుంటే తప్ప రాదు. ఈ రెండు ఊళ్ళ మీదా నాకు గౌరవమే. అయితే నేను వెతికింది వేరు. ఊళ్ళో వాళ్ళు తమకోసం ఆడించుకుని, తామే కూర్చుని చూసే కళ ఉన్న ఊరు కావాలనుకున్నాను.

ఈ పక్క ఊళ్ళలో, పాండవులనూ ద్రౌపదినీ కొలిచే ధర్మరాజుల గుళ్ళలో భారతం పెడతారు. మామూలుగా 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రికి వీధినాటకం. బకాసుర వధ నాడు భీముడు బండెక్కి వీధుల్లో తిరుగుతాడు. అర్జున తపస్సు నాడు వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఎత్తైన మాను ఎక్కుతాడు. బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో కింద పడుకుంటారు, పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయ కోసం కొంగు పడతారు. చివర్లో మైదానం పొడవునా మట్టితో చేసిన దుర్యోధనుడు పడుకుని ఉంటాడు, ఆ తొడ పగిలాకే ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది. సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు.

మా ఓనరమ్మ బడికి పోలేదు. ఒక రాత్రి నాటకం చూసి తిరిగొస్తూ, "కీచకుడు వేషం బాగా కట్టినాడు గానీ పాపా, పద్యం ఆఖర్న రాగం జారిపోయింది, పోయినేడాది వచ్చినోడు ఇట్ల పాడలా" అనింది. ఎదురింటి అవ్వ ఒప్పుకోలేదు. నడిచినంత సేపూ ఇద్దరూ దాని మీదే వాదించుకున్నారు. బెంగళూరులో నాటకాలకు టికెట్టు కొని పోయేదాన్ని, అయిపోగానే అందరం ఫోన్లు తీసి క్యాబ్ చూసుకునేవాళ్ళం. ఇంత పట్టుదలగా ఒక పాటగాడి గురించి మాట్లాడుకోవడం నేను ఈ వీధిలోనే విన్నాను. ఈ ఊళ్ళో ఉండిపోవాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

బయటివాళ్ళకు పుత్తూరంటే ఎముకలు విరిగితే వేసే కట్టే గుర్తు. అంతకు మించి చాలా ఉంది. పక్కనే నారాయణవనం, పద్మావతి పెళ్ళి జరిగిందని చెప్పే ఊరు, సాయంత్రం కళ్యాణ వేంకటేశ్వరుడి గుళ్ళో ఎంతసేపు కూర్చున్నా ఎవరూ తొందరపెట్టరు. కైలాసకోన జలపాతం ఆ దారిలోనే. ఇంకో వైపు కార్వేటినగరం. పదకర్త సారంగపాణి అక్కడి గుళ్ళోని వేణుగోపాలుడి మీద పాడుకునే పదాలు కట్టింది ఆ ఊళ్ళోనే. సంగీతం తెలిసినవాళ్ళు ఆ గుడికి పోయి రెండు పదాలు పాడుకోవాలని నా కోరిక. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆగుతుంది కాబట్టి డిసెంబరు కచేరీలకు చెన్నై పోవచ్చు, తిరుపతి మహతి ఆడిటోరియంలో ఏదైనా ఉంటే బస్సు చాలు. ఊరు దాటితే వరి కయ్యలు, చెరకు, మామిడి తోపులు. చలికాలంలో అనపకాయలు వస్తాయి. సంగటిలోకి ఆ గింజల తోలు తీసి చేసే పితుకుపప్పు పులుసు తిన్నాక దాని గురించి రాయడం నాకు చేతకాదు.

ఇబ్బందులూ చెప్పాలి. ఎండాకాలం చాలా కష్టం. ఒంటరి ఆడపిల్లకు ఇల్లివ్వడానికి వెనకాడతారు. "పెండ్లయిందా, అమ్మానాయనా యాడ ఉండారు" అని అడగనివాళ్ళు లేరు. నన్ను మా అమ్మ వచ్చి మాట్లాడాకే చేర్చుకున్నారు. ఇది మారాలి, మనలాంటివాళ్ళు ఇంకొందరు వచ్చి ఉంటేనే మారుతుంది. పుస్తకాలు చదివి మాట్లాడుకునే తోడు కూడా తక్కువ, అందుకే ఆదివారాలు మా మిద్దె మీద నలుగురం కూర్చుంటున్నాం.

రావాలనుకుంటే ముందు భారతం రోజుల్లో వచ్చి చూడండి. ఊరూరికీ తేదీలు వేరు, చాలా చోట్ల ఎండాకాలంలోనే మొదలుపెడతారు. పగలు గదులు చూసుకోండి, రాత్రి నాటకానికి చాప తెచ్చుకుని మా పక్కన కూర్చోండి. బాడుగ సంగతి మా ఓనరమ్మతో నేను మాట్లాడతాను, ఆమెకు ఊళ్ళో ఏ ఇల్లు ఖాళీగా ఉందో తెలుసు.