స్టీవర్ట్ అవెన్యూలోని పాత కోర్టు

లాస్ వేగాస్ వెళ్లినవాళ్లు కాసినోలు బారులు తీరిన స్ట్రిప్ అనే రోడ్డు దాటి రారు. అక్కడ ఒక సాయంత్రం తిరిగేసరికే ఆ దీపాలకు నాకు తల తిరిగింది. మర్నాడు బావగారిని బతిమాలి డౌన్‌టౌన్‌కు తీసుకెళ్లాను. ఫ్రీమాంట్ వీధికి దగ్గర్లో, స్టీవర్ట్ అవెన్యూలో 1933 నాటి మూడంతస్తుల భవనం ఉంది. ఒకప్పుడు పోస్టాఫీసు, ఫెడరల్ కోర్టు. 2012 నుంచి మాఫియా ముఠాల చరిత్ర చెప్పే మాబ్ మ్యూజియం. దీని కోసం పట్టుబట్టిన మేయర్ ఆస్కార్ గుడ్‌మన్ అంతకుముందు మాఫియా పెద్దల తరఫున వాదించిన లాయరు. ఈ ఊళ్లో అదేమీ వింత కాదట.

లిఫ్టులో పైకి వెళ్లి, దిగుతూ చూసుకుంటూ రావాలి. కథ వలసలతో మొదలవుతుంది. ఇరుకు పేటల్లో ఐరిష్, యూదు, ఇటాలియన్ కుర్రాళ్ల ముఠాలు, సొంతవాళ్ల దుకాణాల మీదే మామూళ్లు. అయితే ఆ వలసజనం మీద జరిగినదీ తక్కువ కాదు. న్యూ ఆర్లియన్స్‌లో పోలీసు అధిపతి హత్య కేసులో కొందరిని నిర్దోషులుగా తేల్చిన మర్నాడే, 1891 మార్చి 14న, జనం జైలు మీద పడి 11 మంది ఇటాలియన్లను చంపేశారు.

పేట రౌడీలు వ్యాపారులైంది మాత్రం 1920 జనవరిలో మద్యనిషేధం వచ్చాకే. మామూళ్లు దండుకోవడానికి నలుగురు మనుషులు చాలు. దొంగసారాకు అలా కుదరదు. కెనడా నుంచి సరుకు తెప్పించాలి, లారీలు, గిడ్డంగులు కావాలి, దారి పొడవునా పోలీసుల చేయి తడపాలి, వీటన్నిటికీ పద్దులు రాసే గుమాస్తా ఉండాలి. 1995లో మన ఉమ్మడి రాష్ట్రంలో మద్యనిషేధాన్ని చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అందరూ గుమిగూడేది ఒక ఇటుక గోడ దగ్గర. 1929 ఫిబ్రవరి 14న షికాగోలోని ఒక గరాజులో బగ్స్ మోరన్ ముఠావాళ్లను ఈ గోడ ముందే నిలబెట్టి కాల్చారు. హంతకుల్లో ఇద్దరు పోలీసు దుస్తుల్లో వచ్చారు. చచ్చిపోయిన ఏడుగురిలో ఒకడు మెకానిక్, ఇంకొకడు కళ్లద్దాల డాక్టరు. ఈ పని చేయించాడని అందరూ అనుమానించిన ప్రత్యర్థి ముఠా నాయకుడు అల్ కపోన్ ఆ రోజు ఫ్లోరిడాలో ఉన్నాడు. ఈ కేసులో ఎవరికీ శిక్ష పడలేదు. 1967లో గరాజు కూల్చేసినప్పుడు ఒక కెనడా వ్యాపారి ఆ ఇటుకలు కొని, తన నైట్‌క్లబ్‌లో మగవాళ్ల మూత్రశాల గోడగా పేర్చాడు! చావును ఇంత చవకగా అమ్ముకోవచ్చని అప్పుడే తెలిసింది.

నా మటుకు నాకు గోడ కన్నా పద్దు పుస్తకాల కథే నచ్చింది. అక్రమంగా సంపాదించినా పన్ను కట్టాల్సిందేనని 1927లో సుప్రీంకోర్టు తేల్చింది. కపోన్ జూదగృహాల్లో దొరికిన పద్దుల ఆధారంగా 1931లో అతనికి 11 ఏళ్ల జైలు పడింది. “హత్యలకు కాదా, పన్ను ఎగ్గొట్టినందుకా?” అన్నారు బావగారు. ఆయన ఆడిటర్. గొంతులో కాస్త గర్వం వినిపించింది. అదే ఏడాది న్యూయార్క్‌లో మాఫియా నాయకుడు లక్కీ లూసియానో, పోటీదారులను తప్పించి, మాఫియా కుటుంబాల తగవులు తీర్చడానికి కమిషన్ అనే పెద్దమనుషుల సభను ఏర్పాటు చేశాడు. 1933 చివర్లో నిషేధం పోయినా ఆ కట్టుబాటు చెదరలేదు. సారా పోతే జూదం ఉంది, గుప్పిట్లో పెట్టుకోవడానికి కార్మిక సంఘాలు ఉన్నాయి.

రెండో అంతస్తులో అసలు కోర్టు గది. నేర ముఠాల మీద వేసిన సెనేటర్ ఎస్టెస్ కెఫావర్ కమిటీ 1950 నవంబరు 15న ఇక్కడే విచారణ జరిపింది. చెక్క బల్లల మీద కూర్చుని ఆ కథ విన్నాం. ఆ విచారణలతో దేశమంతా అక్రమ జూదం మీద దాడులు పెరిగాయి. దాంతో జూదగృహాలు నడిపేవాళ్లు చాలామంది, 1931 నుంచి జూదం చట్టబద్ధమైన నెవాడాకే మూటాముల్లె సర్దుకుని వచ్చారు. తర్వాత ఏళ్లలో డ్రైవర్ల సంఘం పింఛను నిధి అప్పులతో కాసినోలు లేచాయి. నగదు లెక్కించే గదిలో, పుస్తకంలోకి ఎక్కకముందే కొంత సొమ్ము పక్కకు తీసి షికాగో, కాన్సాస్ సిటీ పెద్దలకు పంపేవారు. కపోన్ జైలు నుంచి వాళ్లు నేర్చుకున్న పాఠం అదేనేమో.

నేలమాళిగలో నిషేధకాలం తరహా బారు ఉంది. సారా కాచే బట్టీ కూడా మ్యూజియంవారిదే. బావగారు ధరల పట్టీ చదివి, బిల్లు ఇస్తారా అని అడిగి, నిమ్మరసంతో సరిపెట్టుకున్నారు.