ఇంటి పత్రాలు అడిగారు

ఈ రోజు రాయాల్సింది పన్నెండు బ్లౌజుల ఆర్డర్ గురించి. ఇక్కడ చెన్నైలోని అయనావరం నుంచి పెళ్లివాళ్లు అడ్వాన్స్ కూడా ఇచ్చి వెళ్లారు. సంతోషమే. కానీ రాత్రి పదకొండున్నరైనా నిద్ర రాకపోవడానికి కారణం లోను కోసం వెళ్లిన బ్యాంకులో వినాల్సొచ్చిన మాట.

"మీ వారు రాలేదామ్మా?"

లోన్లు చూసే ఆఫీసరు ఫైలు ఇంకా తెరవనే లేదు. ఎంబ్రాయిడరీ మిషన్ కొటేషన్ 3,80,000. అందులో 30,000 నేను పెట్టుకుంటాను, మిగతా మూడున్నర లక్షలు చిన్న వ్యాపారాలకిచ్చే ప్రభుత్వ ముద్రా పథకంలో కిశోర్ అనే రకం కింద ఇమ్మని అడిగాను. 50 వేలు దాటి 5 లక్షల దాకా కిశోరే. ఏడాది స్టేట్‌మెంట్, షావుకారుపేటలో జరీ, పూసలు కొన్న బిల్లులు, చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకున్న ఉద్యం సర్టిఫికెట్ అన్నీ వరుసగా పెట్టాను. (ఉద్యం రిజిస్ట్రేషన్‌కి పైసా కట్టక్కర్లేదు. అది తెలియక ఒకతనికి 1,500 ఇచ్చాను. మీరెవరూ ఇవ్వకండి.) ఆయన నాలుగు పేజీలు తిప్పి, "సొంతిల్లేనా? పత్రాలు పెడతారా?" అన్నారు. చిన్న వ్యాపారాలకు ఈపాటి అప్పుకి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం. ఆ మాటే అరవంలో చెప్పాను. "రూలు వేరమ్మా, ఇక్కడ జరిగేది వేరు" అని ఫైలు నా వైపు తోశారు. ఆ తోయడమే కళ్ల ముందు కదులుతోంది.

ఇంటికొస్తే మా వారు, "గొలుసు పెడితే అరగంటలో డబ్బు చేతికొస్తుంది కదా, ఎందుకీ టెన్షన్?" అన్నారు. నిజమే అనిపించింది. రేపే వెళ్దామనుకున్నాను. అది చెబుదామనే రాయడం మొదలుపెట్టాను.

కానీ అమ్మ గాజులు గుర్తొచ్చాయి. నెల్లూరులో కుట్టుమిషన్ కొనడానికి అమ్మ ఆ రెండు గాజులూ తాకట్టు పెట్టింది. నేను పక్కనే నిలబడ్డాను. షావుకారు నల్లటి గీటురాయి మీద గాజును ఒక్కసారి గీశాడు. రాయి మీద సన్నటి పచ్చని గీత పడింది. అమ్మ బంగారం కొంచెం అక్కడే ఉండిపోయిందని నాకు ఏడుపొచ్చింది. ఐదు వేలకు మొదటి నెల వడ్డీ నూటయాభై ముందే పట్టుకుని 4,850 చేతిలో పెట్టాడు. నూటికి మూడు రూపాయలు. ఏడాదికి ముప్పయ్యారు! ఆ రాత్రి అమ్మ గాజుల్లేని చేతులతోనే మిషన్‌కి నూనె వేసింది. మూడేళ్లు వడ్డీ కట్టింది. చివరికి గాజులు తాకట్టులోనే మునిగిపోయాయి.

ఇప్పటి బ్యాంకు గోల్డ్ లోనుకీ ఆ వడ్డీకీ పోలిక లేదు, ఒప్పుకుంటాను. కానీ నాకు చెప్పినదాంట్లో ఏడాదికల్లా మొత్తం కట్టేయాలి. మిషన్ ఏడాదిలో అంత సంపాదించదు. అదే ఐదేళ్ల వాయిదాలైతే, పదకొండు శాతం వేసుకున్నా నెలకు 7,600 చిల్లర. చేత్తో మగ్గం వర్క్ ఒక్క బ్లౌజుకు నాకు మూడు రోజులు పడుతోంది. మిషన్ ఉంటే పని తొందరగా అవుతుంది, ఆ వాయిదా భయం లేదు.

అందుకే గొలుసు మెడలోనే ఉంటుంది. జనసమర్థ్ అనే ప్రభుత్వ లోన్ల పోర్టల్‌లో కూడా దరఖాస్తు పెట్టొచ్చట, మా చిన్నమ్మాయి ఆదివారం కూర్చుంటానంది. రేపు మాత్రం మళ్లీ అదే బ్యాంకుకి. ఇవ్వనంటే కారణం కాగితం మీద రాసిమ్మంటాను. ఫైలు తీసుకున్నట్టు స్టాంపు వేయించుకునేదాకా కుర్చీలోంచి లేవను.