చేతులు ఆనించకుండా లేవగలరా?

ఇంట్లో పెద్దవాళ్ళ కాళ్ళ గురించి మాటొస్తే చాలామంది "రోజూ కాసేపు నడుస్తున్నారు, ఇంకేం కావాలి?" అంటారు. నడక మంచిదే, గుండెకీ షుగర్‌కీ మనసుకీ మంచిదే. కానీ చదునైన నేల మీద నెమ్మదిగా నడిస్తే తొడలకి పెద్దగా పని తగలదు. ఎనభై దాటిన మా అమ్మ విషయంలో ఇది కళ్ళారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అమ్మ రోజూ నడిచే మనిషే. ఒకసారి జ్వరమొచ్చి వారం పైనే మంచం పట్టింది. జ్వరం తగ్గింది గానీ లేచి నిలబడే సత్తువ లేదు. "నీరసం, అదే పోతుందిలే" అన్నారు చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ. అదే పోయేది కాదది. 2007లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, ఏ జబ్బూ లేని వృద్ధుల్ని 10 రోజులు మంచం మీదే ఉంచితే కాళ్ళలో దాదాపు కిలో కండ తగ్గిపోయింది. జ్వరం కూడా తోడైతే చెప్పాలా!

ఇంటికొచ్చిన ఫిజియోథెరపిస్ట్ మొదటిరోజు అమ్మని నడిపించనే లేదు. గోడకి ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టి, "ఇప్పుడు లేవండమ్మా" అంది. అమ్మ నా చెయ్యి కోసం చూసింది. "చెయ్యివ్వకండి" అందావిడ నాతో. సీటు మీద ఒక దిండు వేసి ఎత్తు పెంచింది. కుర్చీ అంచుకి జరగాలి. పాదాలు మోకాళ్ళకంటే కాస్త వెనక్కి లాక్కోవాలి. ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకి వంగాలి. అప్పుడు లేవాలి. అమ్మకి భయమంతా ఆ వంగడం దగ్గరే. "ముందుకి పడిపోతానే" అంటూ వెనక్కి వాలేది, వెనక్కి వాలిన కొద్దీ లేవలేకపోయేది. ఒకసారి ధైర్యం చేసి వంగింది, లేచి నిలబడింది. కూర్చునేటప్పుడు మాత్రం దభీమని కూలబడింది. అలా కాదు, నెమ్మదిగా దిగాలి, కండకి అసలు పని అక్కడే అని ఫిజియో మళ్ళీ మళ్ళీ చేయించింది. కొన్ని వారాలకి దిండు తీసేశాం.

చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూడటం పెద్దవాళ్ళకి పెట్టే పరీక్షే. 80–84 ఏళ్ళ ఆడవాళ్ళకి 9 కంటే తక్కువ వస్తే, మగవాళ్ళకి 10 కంటే తక్కువ వస్తే పడిపోయే ప్రమాదం ఎక్కువని లెక్క. పక్కన ఒక మనిషి ఉండగానే చేయించండి.

ఈ వయసులో కండ ఏం పెరుగుతుంది అనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. 1990లో వచ్చిన ఒక అధ్యయనంలో 86 నుంచి 96 ఏళ్ళ వయసున్న, వృద్ధాశ్రమంలో ఉంటున్నవాళ్ళ చేత 8 వారాలు బరువులతో కాళ్ళ వ్యాయామం చేయించారు. వాళ్ళ తొడల బలం సగటున రెట్టింపు దాటింది. 65 దాటినవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి వ్యాయామంతో పాటు, తూలకుండా నిలబడటానికీ బలానికీ పనికొచ్చేవి వారంలో 3 రోజులైనా చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఈ రెండో మాటే మన చెవికెక్కట్లేదు. మా అమ్మయితే వంటగట్టు పట్టుకుని ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలబడుతుంది. ఇప్పుడు పట్టు ఒక్క వేలికి తగ్గింది.

నాకు బాధ కలిగించేది ఇంకోటుంది. అమ్మ లేవబోతే చాలు, "నువ్వు కూర్చోమ్మా, నేను తెస్తాగా" అంటాడు అన్నయ్య. ప్రేమే, కాదనను. కానీ రోజంతా అలా కూర్చోబెడితే ఆ కాళ్ళకి పని ఎక్కడిది? ఆవిడ నీళ్ళు ఆవిడే తెచ్చుకోవాలి, ఎంత ఆలస్యమైనా సరే. మనకి కావాల్సింది ఓపిక.

మంచం మీంచి లేస్తూనే కళ్ళు తిరుగుతుంటే మాత్రం వ్యాయామం సంగతి తర్వాత, ముందు డాక్టర్‌కి చెప్పాలి. బీపీ మాత్రల వల్లో, నిద్రమాత్రల వల్లో అలా జరగొచ్చు.

చేతికర్ర విషయంలో అమ్మకి మొహమాటం ఉండేది, ఇప్పుడు లేదు. నిలబడి చెయ్యి వదులుగా వేలాడేస్తే మణికట్టు మడత దగ్గరికి పిడి రావాలి. కర్ర పట్టాల్సింది నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో చేతిలో. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

ప్రస్తుతం నేల మీంచి లేవడం నేర్చుకుంటోంది. పక్కకి దొర్లి, చేతులూ మోకాళ్ళ మీదికి వచ్చి, కుర్చీ దాకా పాకి, దాన్ని పట్టుకుని బలమైన పాదం ముందు ఆనించి లేవాలి. ఎవరూ లేనప్పుడు పడితే గంటల తరబడి నేల మీదే ఉండిపోవడం పడటం కంటే ప్రమాదం కావచ్చు, అందుకే పట్టుబట్టాం. పాకడం దాకా వచ్చింది. లేవడం ఇంకా రాలేదు.