యుద్ధం కన్నా ముందు ట్రైనింగే

తిరుపతిలో మా తమ్ముడి ఎన్‌సీసీ ప్రాక్టీస్ చూసొచ్చాక 'ఎండర్స్ గేమ్' అనే ఇంగ్లిష్ సైన్స్ ఫిక్షన్ నవల మళ్లీ చదివాను. 1985లో వచ్చిన ఈ నవలలో నాకు బాగా ఇష్టమైంది అంతరిక్ష యుద్ధం కాదు, దానికి ముందు పిల్లలకిచ్చే ట్రైనింగ్.

ఆ ట్రైనింగ్‌లో రెండు జట్లు పోటీపడేది ఒంటి బరువే తెలియని గదిలో. లైట్ గన్ తగిలిన చోటల్లా సూట్ బిగుసుకుపోతుంది. కారిడార్‌లో ఏది కిందో, గదిలోనూ అదే కింద అనుకుంటారు పిల్లలు. కథానాయకుడు ఎండర్ మాత్రం శత్రువు గేటునే 'కింద' అనుకుంటాడు. కాళ్లు ముందు పెట్టి దూకితే అవతలివాడికి గురి చిన్నదవుతుంది, బిగుసుకుపోయిన కాళ్లే డాలుగా పనికొస్తాయి. గాల్లో తేలితే తప్ప తట్టని ఎత్తు ఇది!

మా తమ్ముడి ఎన్‌సీసీ గ్రౌండ్‌లోనూ అంతే. ఒక జట్టు పాకుతుంటే ఇంకో జట్టు కాపు కాస్తోంది. మోచేతులకి పల్లేరుకాయలు గుచ్చుకుంటున్నా మావాడు తల ఎత్తలేదు. ఆ అలవాటు క్లాసులో వచ్చేది కాదు.

అసలు చరిత్రే ఇంకా గట్టి ఉదాహరణ. 1932 ఫిబ్రవరిలో అమెరికా సైనిక విన్యాసాల్లో అడ్మిరల్ యార్నెల్ విమానాలు ఆదివారం పొద్దున్నే హవాయిలోని తమ నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద ఉత్తుత్తి దాడి చేసి అందర్నీ ఆశ్చర్యపరిచాయి. 1941 డిసెంబరు 7, అదీ ఆదివారమే, జపాన్ విమానాలు అక్కడికే నిజంగా దాడికి వచ్చాయి.

శేషాచలం అడవిలో ఓ జట్టు విన్యాసంలో ఓడిపోవడంతో మొదలయ్యే సైన్స్ ఫిక్షన్ తెలుగులో ఎవరైనా రాస్తే చదవాలనుంది.