చీరల షోరూమ్‌లో ఉద్యోగం: చెప్పే జీతం, చేతికొచ్చే జీతం

ఆషాఢం దగ్గరపడే కొద్దీ బట్టల షోరూమ్‌ల అద్దాల మీద ‘సేల్స్‌మెన్, సేల్స్‌గర్ల్స్ కావలెను, భోజన వసతి కలదు’ అనే కాగితాలు కనిపిస్తుంటాయి. ఆషాఢం సేల్, శ్రావణమాసం పెళ్లిళ్లు, దసరా, దీపావళి వరసగా వస్తాయి కాబట్టి అప్పుడే ఎక్కువమందిని తీసుకుంటారు. అందులో కొందరిని సీజన్ వరకే తీసుకుంటారు. ఆ మాట ఇంటర్వ్యూలో ఎవరూ తమంతట తాము చెప్పరు. ‘పర్మనెంటా, సీజన్‌కా’ అని మొదటే అడగడంలో తప్పేమీ లేదు. ఆ ఒక్క ప్రశ్నతోనే అవతలివాళ్ల ధోరణి సగం తెలిసిపోతుంది.

వెళ్లేటప్పుడు ఆధార్, టెన్త్ మెమో, పాన్, బ్యాంకు పాస్‌బుక్‌ల జిరాక్సులు, నాలుగు పాస్‌పోర్టు ఫొటోలు చాలు. వెళ్లాల్సింది మామూలు రోజుల్లో ఉదయం, షాపు తెరిచిన గంటా రెండు గంటల్లోపు. ఆదివారం సాయంత్రం వెళితే ఫ్లోర్ మేనేజర్‌కు మొహం ఎత్తి చూసే తీరిక కూడా ఉండదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ‘మా దగ్గరే ఉంచండి, మానేసినప్పుడు తీసుకెళ్దురు’ అంటే ఒప్పుకోవద్దు. చూపించి, వెనక్కి తీసుకోవాలి. జిరాక్సు మీద ‘ఉద్యోగ దరఖాస్తు కోసం’ అని అడ్డంగా రాసి తేదీ వేస్తే, అది ఇంకోచోట వాడేందుకు పనికిరాదు. రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్ అంటూ ముందే ఫోన్‌పే చేయమనేవాడు ఏజెంట్ కాదు, దొంగ. యూనిఫాం డబ్బు పట్టుకునే షాపులు ఉన్నాయి గానీ, అవి పట్టుకునేది జీతంలోంచే.

ఇంటర్వ్యూలో అడిగేవి తక్కువే. హిందీ వచ్చా, పండగలకు సెలవు లేకుండా రాగలరా, రాత్రి ఇంటికెలా వెళతారు, ఇంతకుముందు ఎక్కడ చేశారు, ఎందుకు మానేశారు. తర్వాత ఒక చీర విప్పి మడత పెట్టమంటారు. అసలు పరీక్ష అదే. చూసేది వేగం ఒక్కటే కాదు. పాత మడత గీతల మీదే మళ్లీ మడత పడిందా, పల్లూ పైకి వచ్చిందా, ట్యాగ్ బయటికి కనపడుతోందా అని చూస్తారు. పట్టుచీర అయితే జరీ బోర్డర్‌ను చేత్తో నొక్కి గీత తేవడం తప్పు. నొక్కినచోట జరీ విరిగి తెల్లటి గీత పడుతుంది, ఆ చీర ఇక అసలు ధరకు పోదు.

జీతం లెక్కకు వద్దాం. ‘పదహారు వేలు’ అన్నారనుకోండి. వెంటనే అడగాల్సింది, అది గ్రాసా (కోతలకు ముందు జీతమా), చేతికొచ్చేదా, లేక యజమాని కట్టే పీఎఫ్ కూడా కలిపి చెప్పిన సీటీసీయా (మీ మీద అయ్యే మొత్తం ఖర్చా) అని. గ్రాస్ 16,000, అందులో బేసిక్ (మూల వేతనం), డీఏ (కరవు భత్యం) కలిపి 12,000 అనుకుంటే, పీఎఫ్ 12 శాతం కింద 1,440 పోతుంది. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమాకు 0.75 శాతం, అంటే 120. తెలుగు రాష్ట్రాల్లో 15,000 దాటి 20,000 వరకు వృత్తి పన్ను 150. మిగిలేది 14,290. దీనిలోంచి హాస్టల్ మెస్, యూనిఫాం, లేట్ మార్కులు పోతాయి. మూడు లేట్లకు ఒక రోజు జీతం కోత అనే లెక్క చాలాచోట్ల నడుస్తోంది. అంటే 9:30 డ్యూటీకి మూడుసార్లు అయిదేసి నిమిషాలు ఆలస్యమైతే ఐదొందల పైచిలుకు పోయినట్టే.

పీఎఫ్, ఈఎస్ఐ కోత చూసి మొహం చిట్లించుకునేవాళ్లు ఎక్కువ. ‘మాకు పీఎఫ్ వద్దండీ, ఆ డబ్బు చేతికివ్వండి’ అనేవాళ్లూ ఉన్నారు. అది మాత్రం నష్టపు బేరం. ఈఎస్ఐకి మన దగ్గర 0.75 పట్టుకుంటే యజమాని 3.25 శాతం కడతాడు. 21,000 వరకు జీతం ఉన్నవాళ్లకు వర్తిస్తుంది, ఇంట్లోవాళ్ల వైద్యం కూడా అందులోనే. కాకపోతే ఒక మెలిక ఉంది. వైద్యం వెంటనే మొదలవుతుంది గానీ, జబ్బు చేసి పనికి రాలేని రోజులకు ఇచ్చే డబ్బు రావాలంటే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. మీ పేరు రికార్డులో ఎక్కించేది మూడు నెలల తర్వాత అంటే, ఆ మూడు నెలలూ మీరు లెక్కలో లేనట్టే. చేరిన నెలాఖరుకే ఈఎస్ఐ నంబర్, యూఏఎన్ (మీ పీఎఫ్ నంబర్) అడగండి. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో అడగండి.

పని గంటల సంగతి. తొమ్మిదిన్నరకు రావాలి, దుమ్ము దులపాలి, బొమ్మలకు చీరలు మార్చాలి, మీటింగ్‌లో నిన్నటి సేల్ వినాలి. పదింటికి షట్టర్ లేస్తుంది, రాత్రి తొమ్మిదిన్నరకు దిగుతుంది. దిగాక కౌంటర్ మీద గుట్టగా పడి ఉన్న చీరలన్నీ మడతపెట్టి ర్యాక్‌లో సర్దాలి, ఆ గంట ఎవరి లెక్కలోకీ రాదు. చట్టం వారానికి 48 గంటలు అంటుంది, దాటితే రెట్టింపు జీతం అంటుంది. దసరా వారంలో ఈ లెక్క పాటించే షోరూమ్ దొరికితే వదులుకోకండి. వారపు సెలవు ఎలాగూ మంగళవారమో బుధవారమో ఇస్తారు. పండగ నెలలో అది ‘తర్వాత తీసుకో’ అవుతుంది. తర్వాత తీసుకోవాల్సిన ఆ సెలవుల తేదీలు మీ సొంత నోట్‌బుక్‌లో రాసుకోవాలి. సూపర్‌వైజర్ నోట్‌బుక్‌లో అవి ఉండవు.

ఇక నిలబడటం. పాతకాలపు షాపుల్లో తెల్ల పరుపు మీద కూర్చుని చీర పరిచేవాళ్లు, మోకాళ్లు పోయేవి. ఇప్పుడు కౌంటర్ వెనక పది పన్నెండు గంటలు నిలబడతారు, పిక్కలు పోతున్నాయి. కస్టమర్ లేనప్పుడు కూడా కూర్చోనివ్వరు, స్టూల్ ఉంటే ‘ఖాళీగా ఉన్నట్టు కనపడుతుంది’ అట. కేరళలో కోజికోడ్ మిఠాయి వీధిలో బట్టల దుకాణాల ఆడవాళ్లు దీని మీదే పోరాడారు. విజి పెన్‌కూట్టు ముందుండి నడిపించిన ఆ ఉద్యమం తర్వాతే 2018లో కేరళ చట్టం మార్చి కూర్చునే హక్కు ఇచ్చింది, 2021లో తమిళనాడు కూడా అదే బాట పట్టింది. అక్కడ వాళ్లు అడిగింది కుర్చీ ఒక్కటే కాదు, బాత్రూమ్‌కు వెళ్లే వీలు కూడా. ఇక్కడా చాలా షాపుల్లో స్టాఫ్ బాత్రూమ్ ఒక ఫ్లోర్‌లోనే ఉంటుంది, వెళ్లాలంటే ఇన్‌చార్జికి చెప్పాలి. ఆ బెడద పడలేక ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు, తర్వాత మూత్రంలో మంటతో ఆస్పత్రికి తిరుగుతారు. చేరే ముందు షాపు చూసేటప్పుడు ‘స్టాఫ్ బాత్రూమ్ ఎక్కడ’ అని అడగడానికి మొహమాటపడొద్దు. కాళ్ల సంగతికొస్తే, సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది కాబట్టి బూట్లు సాయంత్రం పూటే కొనాలి. చెప్పులు వేసుకోనివ్వని మార్బుల్ ఫ్లోర్ అయితే మందపాటి సాక్సులు వేసుకోవాలి. మధ్యమధ్యలో మడమలు పైకెత్తి దించుతుంటే పిక్కల్లో రక్తం కదులుతుంది.

కౌంటర్ మీద మొదటి వారంలో నేర్చుకోవాల్సింది మాటలు కాదు, సరుకు. చీర అయిదున్నర మీటర్లు, జాకెట్ ముక్క కలిపితే 6.30 దాకా ఉంటుంది. జాకెట్ ముక్క ఉందా, పల్లూ వైపా, లోపలి అంచు వైపా అన్నది కస్టమర్ అడగకముందే తెలిసుండాలి. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు ముందే రంగు అద్ది నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా కనపడుతుంది. ప్రింట్ అయితే వెనక వైపు వెలిసినట్టుంటుంది. ఇది తిప్పి చూపిస్తే చాలు, వాదన అక్కర్లేదు. గద్వాల్‌లో ఒళ్లు నూలు, అంచు పట్టు, రెండూ కలిసే చోట అతుకు వేలికి తగులుతుంది. సిల్క్ మార్క్ ట్యాగ్ అది అసలు పట్టేనని చెబుతుంది, జరీ గురించి ఏమీ చెప్పదు. ఈ తేడా తెలియక ‘సిల్క్ మార్క్ ఉందమ్మా, జరీ ప్యూర్’ అనేసినవాళ్లు ఆర్నెల్ల తర్వాత ఆ చీర తిరిగొచ్చినప్పుడు మేనేజర్ ముందు నిలబడాలి. షర్టింగ్ కౌంటర్ అయితే పన్నా, అంటే బట్ట వెడల్పు ముఖ్యం. 58 అంగుళాల పన్నాకు ఫుల్ చేతుల చొక్కాకు 1.60 మీటర్లు, 36 పన్నాకు రెండుంబావు పైన. పన్నా చూడకుండా కత్తెర పెడితే మిగిలేది చొక్కాకు చాలని ముక్క (బిట్), ఆ ఖరీదు మీ ఖాతాలో పడుతుంది.

అందరికీ దెబ్బ తగిలేది ఇక్కడే, రికవరీ దగ్గర, అంటే సరుకు నష్టాన్ని జీతంలోంచి పట్టుకునే దగ్గర. పెళ్లి బట్టలకని ఎనిమిదిమంది వస్తారు, నలభై చీరలు విప్పిస్తారు. ‘అమ్మా, ఇది పక్కన పెట్టమంటారా, తీసేయమంటారా’ అని అడుగుతూ వద్దన్నవి వెంటనే వెనక ర్యాక్‌కు పంపేవాడి కౌంటర్‌లో లెక్క తప్పదు. గుట్ట పెరగనిస్తే ట్యాగ్‌లు ఊడతాయి, ఒక డ్రెస్ మెటీరియల్ దుపట్టా ఇంకో సెట్‌లోకి వెళుతుంది. 1,250 ట్యాగ్ 1,520 చీరకు చేరుతుంది. ఊడిన ట్యాగ్‌ను ఊహించి తగిలించొద్దు, ఇన్‌చార్జికి చూపించి స్టాక్ సిస్టమ్‌లో సరిచూశాకే కట్టాలి. నెలాఖరు ఆడిట్‌లో తేడా వస్తే ‘షార్టేజీ’ పేరుతో ఆ కౌంటర్‌లో ఉన్నవాళ్లందరి జీతంలోంచి సమానంగా పట్టుకుంటారు. చట్ట ప్రకారం నష్టం ఫలానా మనిషి నిర్లక్ష్యం వల్లే జరిగిందని తేలాలి, అతను చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, నష్టం కంటే ఎక్కువ పట్టుకోకూడదు. అందరికీ పంచేయడం అందుకు విరుద్ధమే. అయినా అడిగేవాళ్లు తక్కువ, ఎందుకంటే పట్టుకున్నది జీతం స్లిప్‌లో ‘ఇతరాలు’ అని ఉంటుంది. స్లిప్ ఇవ్వని షాపులో అదీ ఉండదు.

ఇన్సెంటివ్, అంటే అమ్మినదాని మీద జీతానికి అదనంగా వచ్చే డబ్బు, దాని తగాదాలు మరో రకం. బిల్లు మీద ఏ సేల్స్‌మన్ కోడ్ పడితే వాళ్లకే డబ్బు. చీరలు విప్పింది ఒకరు, భోజనానికి వెళ్లగానే పక్కవాళ్లు ఖరారు చేసి తమ కోడ్ వేయించుకుంటారు. లంచ్‌కు వెళ్లే ముందు కస్టమర్ పక్కన పెట్టిన చీరలతోపాటు స్లిప్ రాసి మీ కోడ్ వేసి వెళ్లాలి. ఎక్కువ ఇన్సెంటివ్ ఉన్న సరుకు సాధారణంగా ఏళ్లుగా కదలని స్టాక్ అయి ఉంటుంది. దాన్ని మాటలతో అంటగడితే ఆ నెల బాగుంటుంది, ఆ కస్టమర్ మళ్లీ మీ పేరు అడిగి రాదు. పేరు అడిగి వచ్చే కస్టమర్లు యాభైమంది ఉన్న సేల్స్‌మన్‌కు పక్క షోరూమ్ వాళ్లు జీతం పెంచి మరీ పిలుస్తారు. ఈ రంగంలో సర్టిఫికెట్ అంటే అదే. మూఢం నెలల్లో టార్గెట్ తగ్గిస్తారా లేదా అన్నది కూడా చేరేటప్పుడే తేల్చుకోవాలి. పెళ్లిళ్లు లేని నెలకు శ్రావణం టార్గెట్ పెట్టే మేనేజర్లు ఉన్నారు.

మానేసేటప్పుడు నోటీసు కాగితం మీద ఇచ్చి, అందినట్టు కాపీ మీద సంతకం తీసుకోవాలి, లేదా హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టాలి. ఫ్లోర్ మేనేజర్‌తో నోటితో చెప్పి వెళ్లిపోతే ‘చెప్పకుండా మానేశాడు’ అని చివరి నెల జీతం ఆపేస్తారు. సాధారణంగా ఆ జీతం ఇచ్చేది వచ్చే నెల జీతాల రోజునే. యూనిఫాం, ఐడీ కార్డు అప్పజెప్పినట్టు రాయించుకుంటే దాని పేరు చెప్పి మళ్లీ కోత వేయలేరు. పీఎఫ్‌లో మీరు మానేసిన తేదీని షాపు వాళ్లు ఎక్కించకపోతే కంగారు పడొద్దు. ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత పీఎఫ్ సంస్థ (ఈపీఎఫ్ఓ) మెంబర్ పోర్టల్‌లో ‘మార్క్ ఎగ్జిట్’ నొక్కి మీరే ఎక్కించుకోవచ్చు. అందుకు యూఏఎన్‌కు ఆధార్, ఆధార్‌కు మీ ఫోన్ నంబర్ జతై ఉండాలి. షాపు వాళ్లే అకౌంట్ తెరిపించి తమ సూపర్‌వైజర్ నంబర్ ఇచ్చిన కేసులు తక్కువేం లేవు, అది చేరిన వారంలోనే చూసుకోవాలి.